విమానం కంపెనీ చేతులు మారితే.. ఉద్యోగం మిగులుతుందా? ట్రూజెట్ నేర్పిన పాఠం ఇదే!

తెల్లవారుజామున మూడున్నర. శ్రీశైలం హైవే మీద కందుకూరు నుంచి తుక్కుగూడ దాకా రోడ్డు పక్కన అక్కడక్కడా మనుషులు నిలబడి ఉంటారు. మెడలో ఐడీ కార్డు, భుజాన బ్యాగు, చేతిలో ఫోను. మొదటి షిఫ్టు వాళ్లు. కంపెనీ బండి రాగానే ఎక్కితే ఔటర్ మీదుగా నేరుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టే. కందుకూరు, మహేశ్వరం, తుక్కుగూడ, శంషాబాద్.. ఈ చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లు ఒకరిద్దరు తేలతారు. చెకిన్ కౌంటర్‌లో అమ్మాయి, సామాను ఎక్కించే కుర్రాడు, విమానం కడిగే మనిషి, టెక్నీషియన్, క్యాబిన్ క్రూ.. రకరకాల ఉద్యోగాలు.

వీళ్లందరికీ ఒక వార్త వింటే గుండె ఒక్కసారి జల్లుమంటుంది. "ఫలానా ఎయిర్‌లైన్‌ను ఫలానా సంస్థ కొంటోందట!"

బయటివాళ్లకి అది బిజినెస్ వార్త. లోపలివాళ్లకి మాత్రం ఇంటి అద్దె, బండి ఈఎంఐ, పిల్లల ఫీజు. కొత్త యజమాని వస్తే జీతాలు పడతాయా? లేక ఉన్న ఉద్యోగమూ పోతుందా? ఉండాలా.. ఇప్పుడే ఇంకోటి చూసుకోవాలా?

ఈ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మన హైదరాబాద్‌లోనే పుట్టి, మన కళ్ల ముందే ఆగిపోయిన ట్రూజెట్ కథ చూస్తే చాలు.

అసలు ట్రూజెట్‌కి ఏం జరిగింది?

టర్బో మేఘా ఎయిర్‌వేస్ అనే కంపెనీ హైదరాబాద్ కేంద్రంగా నడిపిన ఎయిర్‌లైనే ట్రూజెట్. 2015 జులైలో ఎగరడం మొదలుపెట్టింది. సినీ హీరో రామ్‌చరణ్ పేరు జతకావడంతో మొదటి రోజు నుంచే తెలుగు రాష్ట్రాల్లో బాగా తెలిసిపోయింది. సుమారు 70 సీట్లుండే ఏటీఆర్-72 రకం చిన్న విమానాలతో పెద్ద కంపెనీలు పట్టించుకోని ఊళ్లకు సర్వీసులు నడిపింది.

కేంద్రం 'ఉడాన్' పథకం తెచ్చాక దీని దశ తిరిగింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని నరేంద్ర మోదీ షిమ్లాలో జెండా ఊపి మొదలుపెట్టిన తొలి ఉడాన్ సర్వీసుల్లో కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ ఉన్నాయి. ఆ రెండూ ట్రూజెట్‌వే. కడప నుంచి హైదరాబాద్‌కు గంటలో వచ్చేయొచ్చని సామాన్యుడికి తెలిసింది అప్పుడే.

అయితే ఉడాన్‌లో ఒక మెలిక ఉంది. టికెట్ ధర తక్కువగా ఉంచినందుకు కంపెనీకి వచ్చే నష్టాన్ని ప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో భర్తీ చేస్తుంది. ఆ మార్గంలో పోటీ లేకుండా ఒక్క కంపెనీకే అవకాశం ఇస్తుంది. కానీ ఇదంతా మూడేళ్లే. 2017లో మొదలైన మార్గాలకు ఆ గడువు ముగిసే వేళకి, అంటే 2020లో, కరోనా వచ్చి పడింది. విమానాలన్నీ నేల మీదే. ఒకపక్క సబ్సిడీ గడువు తీరిపోయింది, ఇంకోపక్క ప్రయాణికులు లేరు. పెద్ద కంపెనీలే తట్టుకోలేకపోయాయి. చిన్న కంపెనీ సంగతి చెప్పాలా?

రెండు డీల్‌లు.. సున్నా విమానాలు

ఇక్కడే అసలు కథ మొదలైంది. 2021లో అమెరికాకు చెందిన ఇంటరప్స్ అనే సంస్థ ట్రూజెట్‌లో 49 శాతం వాటా తీసుకుంటుందన్న ప్రకటన వచ్చింది. అంతకుముందే ఎయిర్ ఇండియా అమ్మకం పోటీలో పేరు వినిపించిన సంస్థ ఇది. దాంతో ఆశలు పెరిగాయి. డాలర్లు వస్తాయి, కొత్త విమానాలు వస్తాయి, జీతాలు సర్దుకుంటాయి అనుకున్నారు.

సర్దుకోలేదు. 2022 ఫిబ్రవరి మొదటి వారంలో ట్రూజెట్ సర్వీసులు ఆగిపోయాయి. 'తాత్కాలికంగానే' అని కంపెనీ చెప్పింది. ఆ తర్వాత మరో ప్రకటన. ఈసారి విన్‌ఎయిర్ అనే కొత్త సంస్థ. 79 శాతం వాటా, 200 కోట్ల రూపాయలు. మళ్లీ ఆశ.

ఆ తాత్కాలికం ఇప్పటికీ తీరలేదు. ట్రూజెట్ విమానం మళ్లీ శంషాబాద్ రన్‌వే ఎక్కలేదు.

గమనించాల్సింది ఏంటంటే, ఒకసారి కాదు, రెండుసార్లు 'కొంటున్నారు' అన్న వార్త వచ్చింది. రెండుసార్లూ ఉద్యోగులు లెక్కలు వేసుకున్నారు. ఆగుదామా, పోదామా అని. ఆగినవాళ్లకి జీతం కాదు కదా, విమానమే మిగల్లేదు.

మార్గం బతికింది.. కంపెనీ పోయింది

ఇంకో విచిత్రం చూడండి. ట్రూజెట్ ఆగిన రెండు నెలలు తిరక్కుండానే, 2022 మార్చి 27న ఇండిగో కడపకు ఏటీఆర్ సర్వీసులు మొదలుపెట్టింది. ప్రయాణికుడికి తేడా తెలియలేదు. నిన్న ఒక రంగు విమానం, ఇవాళ ఇంకో రంగు విమానం. అంతే.

కానీ ఉద్యోగికి తేడా తెలుసు. మార్గం కొత్త కంపెనీకి వెళ్లినంత మాత్రాన ఆ మార్గంలో పనిచేసినవాళ్ల ఉద్యోగాలు దానితోపాటు వెళ్లవు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఇంటర్వ్యూ, మళ్లీ కింది మెట్టు నుంచి సీనియారిటీ. డిమాండ్ ఉంది కాబట్టి ఉద్యోగం ఎక్కడికీ పోదులే అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తెలుగు నేలకి ఇది కొత్త కాదు

ట్రూజెట్‌కి ముందు విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా ఉండేది. లింగమనేని వారి ఎల్‌ఈపీఎల్ గ్రూపు 2013 అక్టోబరులో మొదలుపెట్టింది. ఎంబ్రాయర్ జెట్ విమానాలు. 2017 ఫిబ్రవరి 28న సర్వీసులు ఆగాయి. అప్పుడూ 'తాత్కాలికం' అన్న మాటే. ఎదురుచూసిన పెట్టుబడి రాలేదు. కంపెనీ మళ్లీ లేవలేదు.

అంతకంటే వెనక్కి వెళ్తే హైదరాబాద్‌కి సొంత విమాన సంస్థే ఉండేది. బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ. 1953లో కేంద్రం విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. పేరు పోయింది కానీ ఉద్యోగులను రోడ్డు మీద వదల్లేదు. ఆనాటి ఎయిర్ కార్పొరేషన్స్ చట్టంలోనే పాత కంపెనీల సిబ్బంది కొత్త కార్పొరేషన్ ఉద్యోగులవుతారని రాశారు.

తేడా ఎక్కడుందో చూశారా? 1953లో ఉద్యోగుల సంగతి చట్టంలోనే రాసి ఉంది. 2021, 2022ల్లో మాత్రం ఉద్యోగుల చేతికొచ్చింది వాటా శాతం, కోట్ల లెక్క ఉన్న ప్రకటన ఒక్కటే.

చేతులు మారి బతికినవీ ఉన్నాయి

అలాగని అమ్మకం అంటే ప్రతిసారీ ముంచడమే అనుకోవడం కూడా తప్పే.

2014 డిసెంబరు గుర్తుందా? చమురు కంపెనీలు అప్పు ఇవ్వనని చెప్పడంతో స్పైస్‌జెట్ విమానాలు కొన్ని గంటలపాటు ఆగిపోయాయి. దాని చిన్న విమానాలకు హైదరాబాదే ముఖ్య కేంద్రం. ఇక మూతపడటమే అనుకున్నారంతా. 2015 జనవరిలో కళానిధి మారన్ వాటాను అజయ్ సింగ్ తీసుకున్నారు. కంపెనీ నిలబడింది. అప్పుడు ఓపిక పట్టినవాళ్ల ఉద్యోగాలూ నిలబడ్డాయి. ఆ తర్వాతి ఏళ్లలో స్పైస్‌జెట్‌కి మళ్లీ కష్టాలు వచ్చాయి, అది వేరే కథ.

ఎయిర్ ఇండియాది ఇంకో రకం. 2021 అక్టోబరులో టాటాలు 18,000 కోట్లకు గెలుచుకున్నారు. 2022 జనవరి 27న కంపెనీ చేతికి వచ్చింది. అప్పటికి ఎయిర్ ఇండియాలో 12,085 మంది ఉద్యోగులు. అందులో 4,001 మంది కాంట్రాక్టు వాళ్లు. ఏడాదిపాటు ఎవర్నీ తీయకూడదు, రెండో ఏడాది తీయాల్సి వస్తే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం ఇవ్వాలి అని అమ్మకం షరతుల్లోనే పెట్టారు. ప్రభుత్వం అమ్మింది కాబట్టి ఆ షరతు పెట్టగలిగింది. ప్రైవేటు మనిషి ఇంకో ప్రైవేటు మనిషికి అమ్మినప్పుడు ఇలాంటి షరతు ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఇక పెద్ద హెచ్చరిక ఎయిర్ డెక్కన్. కెప్టెన్ గోపీనాథ్ మొదలుపెట్టిన ఈ చౌక ఎయిర్‌లైన్‌లో 2007లో విజయ్ మాల్యా గ్రూపు 26 శాతం వాటా కొన్నది. మరుసటి ఏడాదే అది కింగ్‌ఫిషర్‌లో కలిసింది. కొన్నవాడి దగ్గర డబ్బుంది, పేరుంది, హంగుంది. అయినా 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. నెలల తరబడి జీతాలు రాక ఉద్యోగులు రోడ్డెక్కారు. కొనేవాడు పెద్దోడైనంత మాత్రాన ఉద్యోగం గట్టిది అనుకోకూడదని దీని అర్థం.

ఇదే అసలు పాయింట్: కొన్నది వాటానా? వ్యాపారాన్నా?

ఎక్కువమందికి తెలియనిది ఇక్కడే ఉంది. 'కంపెనీని కొన్నారు' అనే మాట వెనక రెండు వేర్వేరు సంగతులు ఉంటాయి.

ఒకటి, వాటాల కొనుగోలు. కంపెనీ అదే. పేరు అదే. మీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చింది కూడా అదే. వెనక యజమాని మాత్రమే మారతాడు. చట్టం దృష్టిలో మీ ఉద్యోగంలో ఏ మార్పూ లేదు. కాబట్టి 'యాజమాన్యం మారింది, నాకు పరిహారం ఇవ్వండి' అని అడగడానికి లేదు. మీ సర్వీసు కొనసాగుతుంది, మీకు రావాల్సిన బకాయిలు కూడా ఆ కంపెనీ మీదే ఉంటాయి. కొత్త డబ్బు నిజంగా వస్తే మంచిదే. రాకపోతే పాత అప్పులతోపాటు మీరూ అందులోనే ఇరుక్కుంటారు. ట్రూజెట్ విషయంలో ప్రకటించిన రెండు డీల్‌లూ వాటాల కొనుగోళ్లే.

రెండోది, వ్యాపారం బదిలీ. అంటే ఒక కంపెనీ నుంచి ఆ వ్యాపారం మొత్తం ఇంకో కంపెనీకి వెళ్తుంది. అప్పుడు మీ యజమాని నిజంగానే మారతాడు. పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25ఎఫ్‌ఎఫ్ సెక్షన్ దీని కోసమే ఉండేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే సూత్రం ఉంది. మూడు షరతులు. సర్వీసు తెగకూడదు. జీతం, షరతులు పాతవాటికంటే తక్కువ కాకూడదు. రేపు తీసేయాల్సి వస్తే పాత సర్వీసును కూడా కలిపి పరిహారం ఇవ్వాలి. ఈ మూడూ ఉంటే బదిలీ సాఫీగా జరుగుతుంది. లేదంటే ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ఇవ్వాల్సిందే.

లెక్క చూద్దాం. నెలకి 18 వేలు తీసుకునే గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగి, నాలుగేళ్ల సర్వీసు. ఏడాదికి సుమారు 9 వేల చొప్పున 36 వేలు, నెల నోటీసు జీతం 18 వేలు. మొత్తం 54 వేల దాకా. పెద్ద మొత్తం కాదు. కానీ మూడు నెలల అద్దె, కిరాణా గడిచిపోతుంది.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి.

మొదటిది, 'కార్మికుడు' అంటే ఎవరు అన్నది. మేనేజర్ పని చేసేవాళ్లకి ఇది వర్తించదు. కొత్త కోడ్ ప్రకారం నెలకి 18 వేలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లకూ వర్తించదు. పైలట్లు ఇందులోకి వస్తారా అన్నది చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. పాత చట్టం కింద వాళ్లూ కార్మికులేనని ఢిల్లీ హైకోర్టు 2024లో చెప్పింది.

రెండోది ఇంకా ముఖ్యం. 300 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలో కార్మికులను తీసేయాలంటే ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలని వింటుంటాం కదా? ఆ నిబంధన ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు మాత్రమే. ఎయిర్‌లైన్‌కి లేదు. వెయ్యి మంది ఉన్నా నోటీసు, పరిహారం ఇచ్చి పంపేయొచ్చు.

ఎవరి ఉద్యోగం ఎంత గట్టిది?

అమ్మకం వార్త వస్తే అందరి పరిస్థితీ ఒకేలా ఉండదు. కొనేవాడి కళ్లతో చూస్తే ఇది అర్థమవుతుంది. చిన్న ఎయిర్‌లైన్‌కి సొంత విమానాలు ఉండటం అరుదు. చాలావరకు లీజువే. అద్దె కట్టకపోతే లీజు కంపెనీ వచ్చి పట్టుకుపోతుంది. మరి కొనేవాడికి దక్కేదేంటి? లైసెన్సు, మార్గాలు, మనుషులు. మనుషుల్లోనూ కొందరే.

పైలట్లు: డిమాండ్ వీళ్లకే ఎక్కువ. కానీ ఏటీఆర్ నడిపే పైలట్ రేపు పొద్దున్నే ఎయిర్‌బస్ నడపలేడు. ఆ రకం విమానానికి వేరే రేటింగ్ చేయాలి. దానికి లక్షల్లో ఖర్చు. పైగా విమానాలు నేల మీదే ఉంటే 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు అనే నిబంధన తప్పుతుంది. మళ్లీ ట్రైనింగ్ చేయాలి. నోటీసు పీరియడ్ కూడా చిన్నది కాదు. డీజీసీఏ నిబంధన ప్రకారం కమాండర్‌కి ఏడాది, కో-పైలట్‌కి ఆరు నెలలు. వీళ్లకి ఎదురుచూపు ఖరీదైన పని.

ఇంజినీర్లు, టెక్నీషియన్లు: లైసెన్సు ఏ విమానం మీద ఉందన్నదే ముఖ్యం. ఏటీఆర్ మీద ఉంటే ఆ విమానం నడిపే కంపెనీల్లోనే వెతుక్కోవాలి. ఇండిగో 2017 చివర్లో ఏటీఆర్‌లు తెచ్చింది. అలయెన్స్ ఎయిర్ నడుపుతోంది. గోవా కేంద్రంగా ఫ్లై91 కూడా 2024 మార్చిలో ఏటీఆర్‌లతోనే వచ్చింది. తలుపులు తక్కువే, కానీ మూసుకుపోలేదు.

క్యాబిన్ క్రూ: వేరే రకం విమానం అంటే మళ్లీ సేఫ్టీ ట్రైనింగ్ చేయాలి. వయసు, సీనియారిటీ రెండూ సమస్యే. కొత్త కంపెనీలో సున్నా నుంచి మొదలు.

ఆఫీసు సిబ్బంది: హెచ్‌ఆర్, అకౌంట్స్, సేల్స్, రిజర్వేషన్లు. కొన్న కంపెనీ దగ్గర ఇవన్నీ ముందే ఉంటాయి. రెండు కంపెనీలు కలిస్తే మొదట కోత పడేది ఇక్కడే. చాలామంది పైలట్ల గురించే మాట్లాడతారు కానీ, నిజానికి భయపడాల్సింది వీళ్లు.

గ్రౌండ్ స్టాఫ్: కందుకూరు, మహేశ్వరం, శంషాబాద్ ఊళ్లవాళ్లలో ఎక్కువమంది ఉండేది ఈ వరుసలోనే. వీళ్లలో చాలామందికి జీతం ఇచ్చేది ఎయిర్‌లైన్ కాదు, కాంట్రాక్టర్. ఎయిర్‌లైన్ చేతులు మారితే కాగితం మీద వీళ్లకి సంబంధమే ఉండదు. కానీ ఆ ఎయిర్‌లైన్ పని తగ్గితే కాంట్రాక్టర్ మొదట తీసేది వీళ్లనే. ఇంకో చిక్కు, ఎయిర్‌పోర్టు ఎంట్రీ పాసు. అది కంపెనీ పేరు మీద వస్తుంది. ఉద్యోగం పోతే పాసూ పోతుంది. కొత్త కంపెనీలో చేరినా కొత్త పాసు, పోలీసు వెరిఫికేషన్ అయ్యేదాకా లోపలికి అడుగుపెట్టలేరు.

అయితే వీళ్లకి ఒక ఊరట కూడా ఉంది. 2025 మే 15న తుర్కియేకు చెందిన చెలెబి గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీకి కేంద్రం భద్రతా అనుమతి రద్దు చేసింది. హైదరాబాద్ సహా తొమ్మిది ఎయిర్‌పోర్టుల్లో పనిచేసే కంపెనీ అది. రాత్రికి రాత్రి కంపెనీ మారింది. కానీ పని ఆగలేదు. సామాను ఎవరో ఒకరు ఎక్కించాలి కదా! ఉద్యోగులను కొత్త ఏజెన్సీల్లోకి తీసుకునే ఏర్పాటు జరిగింది. అంటే వీళ్ల ఉద్యోగం ఒక్క కంపెనీని కాకుండా, ఎయిర్‌పోర్టు ట్రాఫిక్‌ని పట్టుకుని ఉంటుంది. జీతం తక్కువే కానీ, ఒక కంపెనీ మునిగినా మునగని లక్షణం ఇందులో ఉంది.

ఉద్యోగం మిగిలినా.. అంతా మిగిలినట్టు కాదు

'ఎవర్నీ తీయడం లేదు' అనే ప్రకటన వినగానే ఊపిరి పీల్చుకుంటాం. కానీ గొడవలు చాలావరకు ఆ తర్వాతే మొదలవుతాయి.

2024 ఏప్రిల్‌లో విస్తారా పైలట్లు చాలామంది ఒకేసారి డ్యూటీకి రాలేదు. ఎందుకు? ఎయిర్ ఇండియాతో విలీనానికి ముందు కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. అంతకుముందు 70 గంటలకు గ్యారంటీ జీతం ఉంటే, కొత్తదాంట్లో 40 గంటలకే. ఉద్యోగం ఉంది, ఆదాయం తగ్గింది.

మరుసటి నెలలోనే ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ. ఎయిర్‌ఏషియా ఇండియాతో విలీనం నడుస్తున్న సమయం అది. తమను సమానంగా చూడటం లేదంటూ మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. కంపెనీ 25 మందిని తీసేసింది. చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర చర్చలు జరిగాయి. తీసేసిన 25 మందినీ వెనక్కి తీసుకున్నారు.

ఈ రెండో ఉదంతంలో శంషాబాద్ ఉద్యోగులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. విమానయాన సంస్థల కార్మిక వివాదాలు కేంద్రం పరిధిలోకి వస్తాయి. కాబట్టి ఫిర్యాదు పట్టుకుని రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసుకి తిరిగితే కాలం వృథా. హైదరాబాద్‌లోనే ఉన్న కేంద్ర రీజినల్ లేబర్ కమిషనర్ ఆఫీసుకి వెళ్లాలి.

కంపెనీ దివాలా తీస్తే..?

ఇది ఎవరూ వినాలనుకోని భాగం. కానీ తెలిసి ఉండాలి.

జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. 2021లో కొత్త యజమానులు దొరికారు, ట్రిబ్యునల్ ఒప్పుకుంది. ఇక ఎగురుతుందన్నారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమని చెప్పేసింది. ఐదేళ్లు ఎదురుచూస్తే వచ్చిన ఫలితం అది. గో ఫస్ట్ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది. 2025 జనవరిలో లిక్విడేషన్‌కి వెళ్లింది. విమానం అనేది భవనం లాంటిది కాదు. ఆగితే విలువ పడిపోతుంది, లీజువాళ్లు పట్టుకుపోతారు, మనుషులు వెళ్లిపోతారు. అందుకే ఆగిన ఎయిర్‌లైన్ మళ్లీ లేవడం ఇంత కష్టం.

అయితే జెట్ ఉద్యోగుల పోరాటం వల్ల ఒక మేలు జరిగింది. పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని 2022 అక్టోబరులో అప్పీలేట్ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. ఆ డబ్బు అప్పులవాళ్లది కాదు, ఉద్యోగిది అన్నమాట. జీతం బకాయిల విషయంలో మాత్రం వరుస ఉంది. లిక్విడేషన్‌లో కార్మికుల 24 నెలల బకాయిలు బ్యాంకులతో సమానంగా వస్తాయి. మిగతా ఉద్యోగులకు 12 నెలల బకాయిలు, అదీ ఆ తర్వాతి వరుసలో. ఆస్తులే లేని కంపెనీలో వరుసలో ముందున్నా చేతికొచ్చేది అంతంతే.

గ్రాట్యుటీలో ఇంకో మెలిక. మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండాలి. ట్రూజెట్ ఎగిరిందే ఆరున్నరేళ్లు. 2018లో చేరినవాళ్లకి 2022 నాటికి ఐదేళ్లు నిండనే లేదు. ఆరేళ్లు చేసి, బేసిక్ 15 వేలున్న మనిషికి లెక్కేస్తే దాదాపు 52 వేలు వస్తుంది. నాలుగేళ్లు చేసినవాడికి సున్నా. చిన్న కంపెనీలు చిన్న వయసులోనే పోతాయి కాబట్టి గ్రాట్యుటీ మీద ఆశ పెట్టుకోవడం కష్టమే. కొత్త సామాజిక భద్రతా కోడ్ నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకి ఈ ఐదేళ్ల నిబంధన తీసేసింది. అదొక్కటే ఊరట.

మరి ఉండాలా? వెళ్లాలా?

పేపర్లో వచ్చే వాటా శాతం చూసి నిర్ణయం తీసుకోవద్దు. మీ ఫోన్‌లోనే కనిపించే సంకేతాలు చూడండి.

మొదటిది, పీఎఫ్ పాస్‌బుక్. కంపెనీ ప్రతి నెలా 15వ తేదీలోపు గత నెల పీఎఫ్ కట్టాలి. జీతం లేటైతే అందరికీ తెలుస్తుంది. కానీ పీఎఫ్ ఆగడం అంతకంటే ముందే మొదలవుతుంటుంది. ఉమాంగ్ యాప్‌లో నెలనెలా చూసుకోండి. కొనుగోలు వార్త వచ్చాక కూడా పీఎఫ్ పడటం లేదంటే, కొత్త డబ్బు ఇంకా కంపెనీలోకి రాలేదని అనుమానించాల్సిందే.

రెండోది, 26ఏఎస్. జీతంలో పన్ను కోసి, ప్రభుత్వానికి కట్టకపోతే రేపు నోటీసు మీకే రావొచ్చు. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో చూసుకోండి.

మూడోది, విమానాల సంఖ్య. ఎన్ని విమానాలు ఎగురుతున్నాయో రోజూ డ్యూటీకి వెళ్లే మీకే అందరికంటే బాగా తెలుసు. డీల్ ప్రకటన తర్వాత నేల మీద ఉన్న విమానం ఒక్కటైనా గాల్లోకి లేచిందా? లేవకపోగా ఇంకొకటి ఆగిందా? అయితే ప్రకటన ఒక పక్క, పరిస్థితి ఇంకోపక్క నడుస్తున్నట్టు.

నాలుగోది, రాతపూర్వకంగా ఏం ఇచ్చారు? సర్వీసు కొనసాగింపు, పాత బకాయిల తేదీలు కాగితం మీద ఉన్నాయా? మీటింగ్‌లో చెప్పిన మాట కోర్టులో నిలబడదు. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు 'పాత బకాయిలు వదులుకుంటున్నాను' అన్న లైను ఉందేమో చదవండి. రాజీనామా చేయమంటే అసలు తొందరపడొద్దు. మీరే రాజీనామా చేస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదు, పరిహారం ఉండదు.

ఒకవేళ తీసేస్తే, కొత్త వేతన కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. దీంతోపాటు రిట్రెంచ్ అయిన కార్మికుడికి 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ ఫండ్ కింద రావాలి. అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు.

వెళ్లడమే సరైన నిర్ణయమని చెప్పడం లేదు. 2015లో స్పైస్‌జెట్‌లో ఆగినవాళ్లు గెలిచారు. 2022లో ట్రూజెట్‌లో ఆగినవాళ్లు ఓడారు. ఇద్దరి ఓపికా ఒకటే. స్పైస్‌జెట్‌లో ప్రకటన తర్వాత విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. ట్రూజెట్‌లో ప్రకటన తర్వాత ఉన్నవి కూడా ఆగిపోయాయి.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. ఉడాన్ మార్గాలకు ఇచ్చేది ప్రజల డబ్బే. ఆ సబ్సిడీ తీసుకునే కంపెనీ నెలనెలా జీతాలు, పీఎఫ్ కట్టినట్టు చూపిస్తేనే తర్వాతి విడత విడుదల చేస్తామని ఒక్క షరతు పెడితే చాలు. ట్రూజెట్ లాంటి కథలో ఉద్యోగికి సంవత్సరం ముందే హెచ్చరిక వచ్చేది. 1953లో చట్టంలో రాయగలిగినవాళ్లకి ఇప్పుడు ఒక షరతు రాయడం కష్టమా?

ఇవాళ కందుకూరు చుట్టూ భూముల ధరల గురించి మాట్లాడనివాళ్లు లేరు. ఫ్యూచర్ సిటీ వస్తుందంటున్నారు, ఎయిర్‌పోర్టు పెరుగుతుందంటున్నారు. నిజమే. విమానాలు పెరుగుతాయి, ఉద్యోగాలూ పెరుగుతాయి. కొత్త చిన్న ఎయిర్‌లైన్లు మళ్లీ వస్తాయి. వాటిలో కొన్ని మళ్లీ చేతులు మారతాయి. ఆ వార్త వచ్చిన రోజు తెల్లవారుజామున కంపెనీ బండి కోసం నిలబడ్డవాళ్లు, బండి వచ్చేలోపు ఒక్క నిమిషం పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూసుకుంటే మంచిది. కంపెనీ ఎటు పోతోందో అందులో ముందే తెలుస్తుంది.